రెండు పనులు చేసే ఉత్ప్రేరకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పొలంలో చల్లే యూరియా వెనుక హైడ్రోజన్ ఉంది. దాన్ని ఇప్పుడు ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. అలా కిలో హైడ్రోజన్ తీస్తే సుమారు 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నీటి నుంచి సోలార్ కరెంటుతో తీస్తే ఆ బాధ ఉండదు. అడ్డంకల్లా ఖర్చే.

నీటిని విడగొట్టడానికి లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఆచరణలో 1.8 నుంచి 2 వోల్టుల దాకా పడుతుంది. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఈ అదనపు భారాన్ని తగ్గించేదే ఉత్ప్రేరకం. ప్లాటినం, ఇరిడియం బాగా పనిచేస్తాయి. కానీ ఇరిడియం ప్రపంచమంతా కలిపినా ఏడాదికి పది టన్నులు దొరకదు. అందుకే నికెల్, ఇనుము లాంటి చవక లోహాలవైపు చూస్తున్నాం.

ఉత్ప్రేరకం పనిచేసేది పైపొర మీదే. ఒక సెంటీమీటరు ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే, 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. నానో అనడంలో కిటుకు ఇదే.

హైడ్రోజన్ వచ్చే ఎలక్ట్రోడ్‌కు ఒక గుణం కావాలి, ఆక్సిజన్ వచ్చే దానికి మరొకటి. రెండూ ఒకే పదార్థంలో ఉంటే తయారీ సులువు. 2014లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ శాస్త్రవేత్తలు నికెల్-ఇనుము హైడ్రాక్సైడ్‌ను రెండు వైపులా వాడి, సూర్యకాంతిలో 12.3 శాతాన్ని హైడ్రోజన్‌గా నిలవచేశారు. అయితే వారు వాడిన సౌరఘటాలు ఎక్కువకాలం మన్నలేదు.

అసలు పరీక్ష మన్నికే. పొద్దుగూకి సోలార్ కరెంటు ఆగితే, ఘటాల్లో కరెంటు కాసేపు ఎదురు నడుస్తుంది. హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్ అప్పుడే దెబ్బతింటుంది. రెండు పాత్రలూ తెలిసిన పదార్థానికి దాన్ని తట్టుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి కొత్త ఉత్ప్రేరకం వచ్చిందని పేపర్లో చదివితే రెండు ప్రశ్నలు వేయండి: ఎన్ని గంటలు నడిచింది? ఎన్నిసార్లు ఆపి మళ్లీ నడిపారు? ల్యాబులో వంద గంటలు గొప్పే. ప్లాంటుకు వేల గంటలు చాలవు, పదుల వేల గంటలు కావాలి.

2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట మన బడి పిల్లలు గేటు దగ్గరే ఆగిపోకుండా ఎలక్ట్రోడ్లు తయారుచేసే గదిదాకా వెళ్లాలి. అందుకు చేత్తో ప్రయోగాలు చేసిన అనుభవం కావాలి. స్వర్ణోత్సవ నిధిలో మొదటి వాటా సైన్స్ ల్యాబుకే ఇద్దామని మీ అందరినీ కోరుతున్నాను.