లేసు దిండులో ఏమి నింపవలెను?

(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగము)



మన నరసాపురం లేసు క్రోషా సూదితో అల్లునది. దానికి దిండు అక్కరలేదు. నేను చెప్పబోవునది కండెల లేసు. 1819లో నాగర్‌కోయిల్ వచ్చిన మార్తా మాల్ట్ దొరసాని అక్కడి ఆడపిల్లలకు నేర్పిన పని ఇదే.

చిల్లులు పొడిచిన నమూనా అట్టను దిండుపై పరచి, ఆ చిల్లులలో గుండుసూదులు గ్రుచ్చుచు, వాటి చుట్టు దారములు త్రిప్పుదుము. కండెల బరువు దారమును లాగుచునే యుండును. సూది కదలక నిలిచిననే లేసు నిలుచును. కనుక ఇది తల పెట్టుకొను దిండు వంటిది కాదు.

ఈ సంగతి తెలియక నా మొదటి దిండులో బూరుగుదూది కుక్కితిని. మా అమ్మ వద్దన్నది, వినలేదు. గుడిలో బల్లగుడ్డకు అంచు క్రిస్మస్‌కు ఇచ్చెదనని మాట ఇచ్చితిని. రెండు మూరలు అల్లి చూతును గదా, సూదులన్నియు కండెలవైపు వాలినవి! అంచు ఒకచోట అంగుళము, ఒకచోట ముప్పాతిక. ఆ రెండు మూరలు పారవేసితిని, మాటయు తప్పితిని. ఆ యేడు బల్లపై పాత గుడ్డనే పరచిరి.

అన్నిటికంటె ఎండుగడ్డి మేలు. ఇంగ్లండులో పాతకాలపు లేసువారును గడ్డినే వాడిరి. ఆకు, కణుపులు తీసి, కాడలను సన్నగా తరిగి, బాగుగా ఎండబెట్టి, కొద్దికొద్దిగా వేయుచు కొయ్యసుత్తితో దట్టింపవలెను. ఇక పట్టదనిపించిన తరువాత కూడ ఇంకను పట్టును! భుజములు నొప్పి పుట్టును గాని, సూది తీసిన చోట గడ్డి మరల మూసుకొనును.

రంపపు పొట్టు జల్లించి వాడవచ్చును, బరువెక్కువ. తవుడు వద్దు, పురుగు పట్టును. స్పంజిలో సూది నిలువదు. థర్మోకోల్ తేలికయే గాని త్వరగా రాలిపోవును. ప్యాకింగుకు వాడు గట్టి పాలిథీన్ ఫోము దానికంటె నయము.

పై గుడ్డ నూగులేని గట్టి నేత నూలుగుడ్డ, ముదురు నీలమైతే తెల్లదారము కంటికి తెలియును. ముందు రెండుసార్లు ఉతుకుడి. రంగు దిగిన అల్లిక పాడగును. సూదులు ఇత్తడివే కొనుడి. మన కోస్తా తేమకు ఇనుపవి త్రుప్పు పట్టి లేసుపై మరక వేయును.

నా గడ్డి దిండు ఈ బల్లమీదనే యున్నది. కూటము ముగిసిన పిమ్మట వచ్చి బొటనవ్రేలితో నొక్కి చూడుడి.