తుంటికి పట్టీ వేస్తే చాలునా?



కిందటి ఏడు భద్రాచలం వెళ్లినప్పుడు, గుడి మెట్లెక్కుతుంటే కుడి తుంటి పక్కన ఒకటే పోటు. వెనకాలే వస్తున్న మా ఆడపడుచు, "ఏంటి వదినా, బాతులాగా ఊగుతూ నడుస్తున్నావు?" అంది. నవ్వేశాను గాని లోపల భయం వేసింది. మా అమ్మకూ ఇలాగే మొదలై, చివరికి గడప దాటలేకపోయింది.

ఖమ్మం తిరిగొచ్చి, ఆటగాళ్లు అంటించుకునే సాగే టేపు కొనుక్కుని నాకు తోచినట్టు వేసుకున్నాను. రెండు రోజులు హాయిగా అనిపించింది. ఇంకేం, అటకలన్నీ దులిపాను. మూడోనాడు మంచం దిగలేకపోయాను. అప్పుడు గాని ఫిజియోథెరపిస్టు గుర్తుకు రాలేదు.

ఆ అమ్మాయి విడమరచి చెప్పింది. మనం నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఒక క్షణం ఒంటికాలి మీదే నిలబడతాం. అప్పుడు నడుము పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచేది తుంటి పక్కనుండే కండరం. అది బలహీనపడితే రెండోవైపు నడుము కిందికి జారుతుంది. అదే బాతు నడక. జర్మనీ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే ఈ సంగతి వివరించాడు.

ఇక టేపు సంగతి. దీన్ని 1970లలో జపాన్‌కు చెందిన కెంజో కాసే తయారుచేశాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ల ఒంటిమీద కనబడి లోకమంతా పాకింది. నూలుబట్టకు జిగురు పూసిందే తప్ప అందులో మందేమీ లేదు. కొందరికి కొద్దిరోజులు నొప్పి తగ్గినట్టుంటుంది. అయితే పరిశోధనల్లో, ఉత్తినే అంటించిన టేపుకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా చాలావరకు కనబడలేదు. కండరానికి బలం తెచ్చేది కసరత్తే.

ఆ గదిలోనే చర్ల వైపు నుంచి వచ్చిన కోయ ఆవిడ ఒకామె ఉంది. ఎండాకాలంలో అడవిలో తునికాకు కోస్తుందట. నా గొడవంతా విని, "కొంగు బిగించుకునే ఆకు కోస్తామమ్మా. కొంగు కోస్తదా ఆకు?" అంది. నాకు సిగ్గేసింది.

నాకు చెప్పిన కసరత్తు ఇది. నొప్పి లేని వైపు పడుకుని, పైకాలు మోకాలు వంచకుండా, కొంచెం వెనక్కి ఉంచి, మెల్లగా జానెడెత్తు లేపి దించాలి. మొదట ఐదారుసార్లు చాలు. నొప్పి ఎక్కువైతే ఆపేయాలి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. కర్ర పట్టుకుంటే నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి.

టేపు వేసుకునేవారు ఒంటికి నూనె లేకుండా కడిగి తుడుచుకోవాలి. పుండుమీద అంటించరాదు. దురదపెడితే వెంటనే తీసేయాలి. కిందపడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా టేపు జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నేను మూడునెలలు విడవకుండా చేశాను. మళ్లీ భద్రాచలం వెళ్లాను. మెట్లు నిదానంగానే ఎక్కాను గాని, ఈసారి మా ఆడపడుచు నవ్వలేదు. ఇంటిల్లిపాదికీ వండి వార్చే మనం, మన కాళ్లకోసం రోజుకు పది నిమిషాలు కేటాయించుకోలేమా? ఆలోచించండి.

సెలవు.