మన సైటు తెరిస్తే మనకు కావాల్సింది కనబడాల

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని సమాఖ్య వెబ్‌సైటు గురించి మాట్లాడమన్నారు. వార్షికోత్సవం అంటే సాధించింది చెప్పుకోవడం వాడుక. మేము మాత్రం ముందు ఒక తప్పు ఒప్పుకోవాల్సి ఉంది.

గుడియాత్తంలో ఒక ఇల్లు. ఆయన లుంగీ నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. బిడ్డకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. సమాఖ్య ఇచ్చే చదువు సహాయానికి ఆ బిడ్డ అన్ని విధాలా అర్హురాలు. మేము ప్రకటన ఒక నెల ముందే సైట్లో పెట్టినాము, మా పని అయిపోయిందని నిమ్మళంగా ఉన్నాము. గడువు దాటిన వారానికి ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది. "సైట్లో పెట్టినాము కదమ్మా" అంటిమి. "ఎక్కడుంది సార్, చూపించండి" అని సెల్లు మా చేతికిచ్చింది.

చూపించలేకపోతిమి. పెట్టింది మేమే, వెతికేది మేమే, అయినా దొరకలేదు. చివరికి 'ప్రకటనలు' అనే దాని కింద 'ఇతరములు' అని ఒకటుంటే, దాంట్లో ఒక సర్క్యులర్ నంబరు పేరుతో పీడీఎఫ్ ఉంది. తెరిస్తే అడ్డంగా పడుకున్న స్కాను కాగితం. ఆమె కోపం చేసుకోలేదు. "మీకే దొరకలేదు, నాకెట్ల దొరుకుతాది సార్?" అనింది, అంతే. ఆ సంవత్సరం షావుకారు దగ్గర కూలి మీద అడ్వాన్సు తీసుకొని ఫీజు కట్టినారు. అడ్వాన్సు అంటే ఏమో, అది తీరేదాకా ఇంకొకరికి నేయలేమన్న సంగతి ఏమో, ఈ సభలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు.

ఆ దినం రాత్రి మేము కూర్చొని మాట్లాడుకున్నాము. మన మగ్గం దగ్గర ఇట్లా జరుగుతుందా? నేసేవాని చెయ్యి చాచినంత దూరంలోనే కండెల బుట్ట ఉంటుంది. నాడెలో నూలు అయిపోతే లేచి పోయే పని లేదు. పడుగులో వేల పోగులుంటాయి, అందులో ఒకటి తెగితే అది ఎక్కడిదో ఎట్ల తెలుస్తుంది? పోగులు ఒకటి పైన, ఒకటి కింద పోయేటట్టు అడ్డంగా బద్దలు పెట్టి ఉంటాము. ఆ బద్దల దగ్గర చూస్తే ఏ పోగు చోటు దానికే ఉంటుంది, తెగింది వెంటనే దొరుకుతుంది. ఆ బద్దలు ఊడిపోతే పడుగంతా చిక్కు. మన సైట్లో సరుకు లేకపోలేదు. బద్దలే లేవు.

ఎందుకు లేవు అంటే, నిజం చెప్పాల, ఆ సైటు మీ కోసం కట్టింది కాదు. మా కోసం కట్టుకున్నది. తెరవగానే దండలు వేసుకున్న మా ఫొటోలు ఒకటి తర్వాత ఒకటి జరుగుతా ఉండేవి. దాని కింద సమాఖ్య ఆశయాలు. దాని కింద నిర్వాహకుల పేర్లు, హోదాలు. ఆఫీసు గది గోడకు ఏమేమి తగిలిస్తామో అవన్నీ సైటుకు తగిలించినాము. పని కోసం వచ్చిన మనిషి గోడ చూడడానికి రాడు కదా.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు. బ్రిటన్ ప్రభుత్వం కూడా శాఖకొక సైటు పెట్టుకొని, జనం ఏ శాఖకు పోవాలో తెలియక తిప్పలు పడితే, 2012లో వాటిని ఒక్కచోటికి తెచ్చే పని మొదలుపెట్టింది. జనానికి కావాల్సింది ఏమో అక్కడి నుంచి మొదలుపెట్టండి అనేది వాళ్లు పెట్టుకున్న మొదటి సూత్రం. సైట్లు వాడడంలో ఇబ్బందుల మీద పని చేసిన జాకబ్ నీల్సన్ అనే ఆయన 2000లో ఒక మాట రాసినాడు: వందల మందిని అడగనక్కర లేదు, అయిదుగురి చేతికిచ్చి పక్కన కూర్చొని చూస్తే చాలా మటుకు తప్పులు బయటపడతాయని. అయిదిళ్లే కదా, మనకు చేతనయ్యే పనే అని బయలుదేరినాము.

గుడియాత్తంలో మూడిళ్లు, వేలూరులో రెండు. పెట్టుకున్న నియమం ఒకటే: సెల్లు వాళ్లది, వేలు వాళ్లది, మనం నోరు తెరవకూడదు. అబ్బో, అది ఎంత కష్టమో! ఎదురుగా బొత్తాము కనబడతా ఉంటుంది, ఆ అక్క దాన్ని దాటుకొని పోతా ఉంటుంది, "అదేనక్కా, అక్కడ నొక్కు" అని నాలుక చివరికి వస్తుంది. మాలో ఒకాయన ఉండబట్టలేక వాకిట్లోకి పోయి నిలబడినాడు.

మొదటి ఇంట్లో "కరెంటు రాయితీ సంగతి ఎక్కడుందో చూడక్కా" అన్నాము. చేతి మగ్గానికి రెండు నెలలకు 200 యూనిట్లుగా ఉండిన ఉచిత కరెంటును తమిళనాడు ప్రభుత్వం 2023లో 300 యూనిట్లకు పెంచింది. ఇది ప్రతి నేత ఇంటికీ తెలియాల్సిన సంగతి. మా సైట్లో ఉంది కూడా, 'విధాన నిర్ణయాలు' అనే పేరు కింద. ఆ అక్క పైకీ కిందికీ రెండు మూడు సార్లు జరిపి చూసి, "అందరి ఫొటోలూ ఉండాయి, కరెంటు మాత్రం లేదు" అని సెల్లు తిరిగిచ్చేసింది. పక్కనే కూర్చొని ఉండిన మా పెద్దాయన ముఖం ఆ ఫొటోల్లో మూడోది.

రెండో ఇంట్లో ఒక పిల్లవాడు తెలివిగా వెతికే పెట్టెలోకి పోయినాడు. 'స్కాలర్‌షిప్' అని కొట్టినాడు. ఏమీ రాలేదు. మేము రాసింది 'విద్యార్థి ఉపకార వేతనము'. ఆ మాట ఇంట్లో ఎవరంటారు? ఇంకొక చోట 'సంగం' అని వెతికినారు. మనది సమాఖ్య, సొసైటీది 'సహకార సంఘము' అని రాసి ఉంది. గుర్తింపు కార్డును ఎవరూ గుర్తింపు కార్డు అనరు, 'వీవర్ కార్డు' అంటారు. కేంద్రం దానికి పెహచాన్ అని పేరు పెట్టింది. మూడు పేర్లూ ఒకచోట రాయకపోతే ఎవరు ఏ పేరుతో వెతికినా రెండొంతులు ఖాళీ చేతులే. స్కాను చేసి పెట్టిన కాగితాలైతే బొమ్మలతో సమానం, వెతుకుడు పెట్టెకు వాటిలో ఒక్క అక్షరమూ కనబడదు.

మూడో ఇంటి నుంచే అసలు బాధ మొదలయింది. ఆ ఇంట్లో అందరూ మనలాగే తెలుగు మాట్లాడతారు. "రండి మామా, కూర్చోండి" అని మంచి తెలుగులో పిలిచినారు. సైటు తెరిచి ఇస్తే పదో తరగతి చదివే బిడ్డ చూసి నవ్వింది. "నాకు ఇది చదవను రాదు మామా." మాట తెలుగు, అక్షరం తమిళం. 2006 చట్టం తర్వాత ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి అవుతా వచ్చింది. అంతకు ముందే చాలా ఇళ్లలో తెలుగు బడి ఆగిపోయింది. అవ్వకు తెలుగు అక్షరాలు వస్తాయి, కానీ చూపు ఆనదు. బిడ్డకు చూపుంది, అక్షరం రాదు. ఇద్దరి నడుమ సెల్లు పెట్టుకొని ఏం చేస్తారు?

దీని మీద మా కమిటీలో పెద్ద రగడే అయింది. తమిళ అక్షరాలు పెడితే మన తెలుగును మనమే చంపుకున్నట్టు అని పెద్దవాళ్లు. చదవలేని తెలుగు గోడ మీద గీతతో సమానం అని చిన్నవాళ్లు. రెండు మాటల్లోనూ నిజముంది. చివరికి ప్రతి ముఖ్యమైన సంగతీ తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి, పక్కపక్కనే పెట్టాలని తీర్మానించినాము. దాంతో పాటు మన ఇంటి తెలుగులో ఒక నిమిషం మాట రికార్డు చేసి, నొక్కితే వినబడేటట్టు పెట్టినాము. ఇది విని సంబరపడకండి. మగ్గం ఆడుతా ఉంటే ఆ చప్పుడులో సెల్లు మాట వినబడదని నాలుగో ఇంటి అన్న చెప్పేదాకా మాకు తోచలేదు. నేత ఇంట్లో పుట్టి పెరిగిన మాకే తోచలేదు! అందుకని రాతా ఉంది, మాటా ఉంది.

ఇంకొక తికమక జిల్లాల వల్ల వచ్చింది. 2019లో వేలూరు జిల్లా మూడుగా చీలింది. వాలాజా, ఆర్కాడు రాణిపేట జిల్లాకు పోయినాయి, ఆంబూరు, వాణియంబాడి తిరుపత్తూరు జిల్లాకు పోయినాయి. మా ఫోన్ నంబర్ల పట్టీ మాత్రం పాత వేలూరు మీదనే ఉండిపోయింది. ఎవరు ఏ జిల్లా ఆఫీసుకు కాగితాలు ఇవ్వాలో చెప్పాల్సిన చోటే తప్పుంటే, ఒక మనిషి బస్సు ఖర్చు, ఒక దినం కూలి గంగలో పోసినట్టే. ఇప్పుడు జిల్లా పేరుతో కాదు, ఊరి పేరుతో వెతుక్కునేటట్టు మార్చినాము. ఊరి పేరు ఎవరూ మర్చిపోరు.

సంబంధాల పేజీ గురించి కూడా చెప్పాల. సైట్లో అందరూ ఎక్కువగా చూసేది అదే, దాచుకోవడం ఎందుకు. అది మాత్రం అతి సులభంగా దొరికేది, అంత సులభంగా దొరకకూడనివి కూడా దాంట్లో దొరికేవి. ఆడపిల్లల ఫొటో, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అన్నీ బయటనే. ఒక ఇంటికి ఊరూ పేరూ తెలియని ఫోన్లు వచ్చినాయని తెలిసిన దినమే అవన్నీ తీసేసినాము. ఇప్పుడు పేరులో మొదటి అక్షరం, చదువు, ఊరు మాత్రమే ఉంటాయి. మిగతాది ఆఫీసులో అడిగి, అవతలి ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే ఇస్తాము. కొందరు "ఇదేంది, తలనొప్పి పెట్టినారు" అని అలిగినారు. అలగనీండి.

ఇప్పుడు సైటు తెరిస్తే పైన అయిదే అయిదు వరసలు కనబడతాయి: వీవర్ కార్డు, చదువు డబ్బులు, కరెంటు, సంబంధాలు, మాతో మాట్లాడండి. ఒక్కొక్కటి నొక్కితే మొదటి రెండు వరసల్లోనే కడపటి తేదీ, తేవాల్సిన కాగితాలు. తర్వాతనే మిగతా కథ. గడువు దాటిన ప్రకటన మొదటి పేజీలో ఉండదు. అంతకు ముందు మూడేండ్ల పాత ప్రకటన చూసి పరుగెత్తి వచ్చినవాళ్లున్నారు. ప్రతి పేజీ ఒక చిన్న బొమ్మగా వాట్సాప్‌లో పంపుకోవచ్చు, ఎందుకంటే మన జనం సైటుకు వచ్చేది చాలా మటుకు వాట్సాప్ నుంచే. కొనేవాళ్లకు వేరే పేజీ ఉంది. 1985 చట్టం కింద చేతి మగ్గానికని ప్రత్యేకించిన రకాల్లో లుంగీ కూడా ఉంది కదా. చేనేత గుర్తు ఎట్లుంటుందో, మరమగ్గం గుడ్డకూ మన గుడ్డకూ తేడా ఎట్ల పట్టుకోవాలో అందులో చూపించినాము. మా ఫొటోలు తీసేయలేదు. అట్టడుగున 'మా గురించి'లో ఉన్నాయి. వెతికితే దొరుకుతాయి, ఎవరూ వెతికినట్టు లేదు.

కానివి కూడా ఉన్నాయి. చాలా ఇళ్లలో సెల్లు ఒకటే, అది పగలంతా కొడుకు చేతిలోనో ఆయన జేబులోనో ఉంటుంది. 2019-20 చేనేత గణన ప్రకారం మన దేశంలో ఈ పని చేసేవాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. కండె చుట్టే చేతికి సెల్లు రాత్రి ఎనిమిదికి కానీ అందదు. మా ఫోన్ ఎత్తే మనిషి సాయంత్రం ఆరుకే ఇంటికి పోతాడు. ఈ నెల నుంచి వారానికి రెండు దినాలు రాత్రి తొమ్మిది దాకా ఒకరు ఉంటారు. అది సరిపోదని మాకూ తెలుసు. గుడియాత్తంలో గంగమ్మ సిరసు పండగ వచ్చే వైకాశి మాసంలో ఎవరూ సైటు ముఖం చూడరు, ఆ దినాల్లో గడువు పెట్టకూడదని కూడా ఇప్పుడే రాసుకున్నాము. ఇంతకాలం పెడతానే వచ్చినాము.

చదువు సహాయం పోగొట్టుకున్న ఆ బిడ్డ ఇప్పుడు రెండో సంవత్సరం. ఈసారి ఫారం సైట్లో తనే వెతుక్కొని, తనే నింపి పంపింది. మొదటి సంవత్సరం డబ్బు మేము తిరిగి ఇప్పించలేకపోయినాము, ఆ లెక్క మూసేసినారు.

భోజనాల పందిరి పక్కన రెండు బల్లలు వేసి ఉంటాయి. తినేసి మీ సెల్లు తీసుకొని ఒక్క అయిదు నిమిషాలు అక్కడ కూర్చోండి. ఏదో ఒకటి వెతకమంటాము. దొరకకపోతే మేము చెప్పము, కోపం చేసుకోవద్దు. ఎక్కడ ఆగిపోయినారో రాసుకుంటాము.