పోర్టు ట్రిప్పుకి కరెంటు లారీ

అనకాపల్లి, లంకెలపాలెం, అచ్యుతాపురం చుట్టుపక్కల లారీలు తిప్పుకునే యజమానులతో ఈ పూట కొన్ని మాటలు. ఎలక్ట్రిక్ ట్రైలర్లు వచ్చేశాయి కదా, కొనమంటారా, ఆగమంటారా అని చాలామంది అడుగుతున్నారు. షోరూముకి వెళ్లే ముందు మీ ట్రిప్పు షీట్లు ముందేసుకుని కూర్చోండి. జవాబు వాటిలోనే ఉంది.

మన దగ్గర కిరాయిలు రెండు రకాలు. బెల్లం ఎత్తుకుని ఒడిశాకో బెంగాల్‌కో పోయేది ఒకటి. బండి ఎప్పుడు తిరిగొస్తుందో, రిటర్న్ లోడు ఎక్కడ దొరుకుతుందో ముందే చెప్పలేం. ఆ పనికి ఇప్పట్లో డీజిల్ లారీనే ఉంచుకోండి. రెండోది విశాఖ పోర్టు నుంచో గంగవరం నుంచో అచ్యుతాపురం సెజ్‌కీ, పరవాడ ఫార్మాసిటీకీ తిరిగేది. రోజూ అదే రోడ్డు, అవే గేట్లు, రాత్రికి బండి మన షెడ్డులోనే. కరెంటు లారీకి సరిగ్గా సరిపోయే పని ఇదే. చైనాలో కూడా ఈ పెద్ద బండ్లు ముందు పాతుకుపోయింది పోర్టుల దగ్గర, ఉక్కు ఫ్యాక్టరీల దగ్గర, గనుల దగ్గర.

ఇక లెక్కకొద్దాం. 55 టన్నుల ట్రైలర్ లీటరుకి 3 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. డీజిల్ 97 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకి 32 రూపాయలు. కరెంటు బండి కిలోమీటరుకి ఒకటిన్నర యూనిట్ తాగుతుందనుకుని, యూనిట్ 9 రూపాయలు వేసినా పదమూడున్నరే. అంటే కిలోమీటరుకి 18 రూపాయల పైచిలుకు మిగులు. ఇంతవరకూ వినడానికి బాగానే ఉంటుంది. కానీ బండి ధర డీజిల్ దానికంటే 60 లక్షలు ఎక్కువైందనుకోండి. రానూపోనూ 80 కిలోమీటర్ల ట్రిప్పు రోజుకి రెండు కొడితే, నెలకి 25 రోజుల మీద మిగిలేది 74 వేలు. ఆ 60 లక్షలు రావడానికి దగ్గర దగ్గర ఏడేళ్లు. అదే మూడు ట్రిప్పులు పడితే నెలకి లక్షా పది వేలు, నాలుగున్నరేళ్లలో డబ్బు వెనక్కి. వడ్డీ ఇంకా కలపలేదు సుమా. మీ అంకెలు వేరే ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఈ లెక్కలో అసలు సంగతి మూడో ట్రిప్పు. దాన్ని తినేసేది బ్యాటరీ కాదు, పోర్టు గేటు దగ్గర క్యూ, ఫ్యాక్టరీలో కాటా దగ్గర పడిగాపులు. డీజిల్ లారీ ఆగితే డీజిల్ ఖర్చన్నా ఆగుతుంది. కోటి రూపాయల బండి ఆగితే ఈఎంఐ ఆగదు. అందుకే సెజ్ కంపెనీతో కాంట్రాక్టు రాసుకునేటప్పుడు రెండు షరతులు పట్టుబట్టి పెట్టించండి: నెలకి కనీసం ఇన్ని కిలోమీటర్ల కిరాయి గ్యారంటీ, గేటులో ఇన్ని గంటలు దాటితే వెయిటింగ్ చార్జీ. కాంట్రాక్టు గడువు మీ లోను గడువుకి తగ్గకూడదు. ఏడాది కాంట్రాక్టు చేతిలో పెట్టుకుని ఐదేళ్ల అప్పుకి సంతకం చేయొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

బండి సామర్థ్యం సంగతి. మురుగప్ప గ్రూపు వాళ్ల మోంట్రా రైనో 55 టన్నుల బండిలో 282 యూనిట్ల బ్యాటరీ ఉంది, ఒక చార్జింగ్‌తో 198 కిలోమీటర్లని కంపెనీ మాట. ఫుల్ లోడు, ఏసీ, లంకెలపాలెం జంక్షన్ ట్రాఫిక్ అన్నీ చూసుకుని మీరు 150 అనుకోండి. మూడు ట్రిప్పులంటే 240 కిలోమీటర్లు, కాబట్టి మధ్యాహ్నం ఒకసారి చార్జింగ్ తప్పదు. సరుకు దింపే చోటే చార్జర్ ఉంటే చార్జింగ్‌కి పట్టే సమయం కూడా కలిసొస్తుంది. సౌర విద్యుత్ ఉండే పగటి వేళల్లో, అంటే పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా, చార్జింగ్ స్టేషన్లకు కరెంటు చవగ్గా ఇవ్వాలని కేంద్రం 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన దగ్గర రేటెంతో కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఆ ఆఫీసుకి బండి బుక్ చేయకముందే వెళ్లాలి. 240 కిలోవాట్ల చార్జర్లు రెండు పెడితే ఇంట్లో మీటరు పెట్టించుకున్నట్టు కాదు. హైటెన్షన్ (హెచ్‌టీ) కనెక్షన్ కావాలి, సొంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మీ షెడ్డు దగ్గరి ఫీడరు అంత లోడు మోయాలి. లారీ వచ్చి నిలబడ్డాక కరెంటు కోసం తిరిగితే మొదటి కంతులన్నీ చేతి డబ్బే.

సబ్సిడీ ఉంది. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద లారీలకు 500 కోట్లు కేటాయించి, సుమారు 5,600 బండ్లకు, బండికి గరిష్ఠంగా 9.6 లక్షల దాకా ఇస్తామని 2025 జులైలో ప్రకటించారు. దానికి పాత బండిని తుక్కు చేయించిన సర్టిఫికెట్ ఉండాలి. బ్యాటరీకి 5 ఏళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్ల వారంటీ తప్పనిసరి చేశారు. మీరు కొనే రోజుకి సబ్సిడీ మిగిలి ఉందో లేదో డీలరు చేత కాగితం మీద రాయించుకోండి.

క్వారీల వాళ్లకి ఒక మాట. హైదరాబాద్ ఒలెక్ట్రా కంపెనీ 2022లోనే ఎలక్ట్రిక్ టిప్పర్‌ని ట్రయల్‌కి దింపింది. కొండ మీద రాయి నింపుకుని కిందికి దిగే క్వారీ అయితే, దిగుతున్నప్పుడు మోటారే జనరేటరై బ్యాటరీకి కొంత కరెంటు తిరిగి ఎక్కిస్తుంది. ఎక్కేటప్పుడు ఎలాగూ ఖాళీ బండే. బ్రేక్ లైనింగులు కూడా ఎక్కువకాలం వస్తాయి. గుంతలోంచి లోడుతో పైకెక్కే క్వారీలో ఈ లాభం రాదు, అక్కడ తొందరపడొద్దు.

బండ్లన్నీ ఒకేసారి మార్చకండి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత మన ఊళ్లల్లో ఎన్నాళ్లు కరెంటు లేదో మీకు గుర్తుండే ఉంటుంది. మొదట ఒక రూటుకి సరిపడా రెండో మూడో దింపండి, ఒక వానాకాలం చూడండి, తర్వాత పెంచండి.

చివరిగా డ్రైవర్ల సంగతి. ట్రిప్పుకి ఇంత డీజిల్ అని ఇచ్చి, మిగిలింది డ్రైవరుకే వదిలేసే పద్ధతి చాలా షెడ్లల్లో ఉంది. కరెంటు బండిలో ఆ మిగులు ఉండదు. బత్తా పెంచకుండా తాళాలు చేతికిస్తే, మంచి డ్రైవరు నెల తిరక్కుండా పక్క షెడ్డుకి పోతాడు. యూనిట్లు ఆదా చేసినవాడికి నెలాఖరున ఆ ఆదాలో వాటా ఇవ్వండి. క్లచ్ తొక్కే పని ఉండదు, ఇంజిను వేడి ఉండదు, చెవులు చిల్లులు పడే మోత ఉండదు. ఇరవై ఏళ్లుగా ఆ మోతలో బతికిన మనిషిని బండి బేరం ఖాయం చేసుకునే ముందే తీసుకెళ్లి, ఫుల్ లోడుతో మీ రూటు మీదే నడిపించి, ఎలా ఉందో అతన్నే అడగండి.