మాట్లాడే బొమ్మే కదలాలి
(వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



బ్యాంకు వాళ్ళకి గానీ, సరుకు కొనేవాళ్ళకి గానీ మన వ్యాపారం గురించి తెర మీద చూపించి చెప్పేటప్పుడు, కదిలే బొమ్మలు ఎలా వాడితే వాళ్ళకి గుర్తుంటుందో చెప్పమన్నారు. ముందు మా సంఘం చేసిన తప్పు చెప్తాను.

పోయిన ఏడాది మేం పదిమందిమి ఆవకాయ యూనిట్ లోన్ కోసం బ్యాంకుకి వెళ్ళాం. మా అబ్బాయి రాత్రంతా కూర్చుని పవర్ పాయింట్‌లో స్లైడ్లు చేశాడు. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చాయి. సీసా ఎగిరి దూకింది. చప్పట్ల మోత కూడా పెట్టాడు. మాకు భలే సంబరం! అంతా అయ్యాక మేనేజరు గారు ఒక్కటే అడిగారు: "అమ్మా, సీసాకి మీకెంత మిగులుతుంది?" ఆ లెక్క స్లైడులో ఉంది. తిరిగే అక్షరాల మధ్య ఆయనకి కనబడలేదు. మాలో ఒక్కరికీ నోట రాలేదు. సరిగ్గా లెక్క వేసుకుని రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళేసరికి మామిడికాయల కాలం దాటిపోయింది. ఒక ఏడాది పని పోయింది.

మనలో పెద్దవాళ్ళు తోలుబొమ్మలాట చూసే ఉంటారు. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఆటలో తెర మీద ఎన్ని బొమ్మలున్నా, మాట్లాడే బొమ్మే చెయ్యి ఊపుతుంది. మిగతావి నిలబడి ఉంటాయి. అందుకే మాట ఎవరిదో వెనక కూర్చున్న పిల్లలకి కూడా తెలుస్తుంది. కదిలేదాని మీదకే కన్ను పోతుంది. అన్నీ కదిలితే కన్ను దేనిమీదా నిలవదు.

ఈ ఏడాది ఆ పద్ధతే పట్టాం. ఒకటే ముఖ్యమైన స్లైడు. ఒక నిలువు పట్టీ, పైన 350 అని కిలో సీసా ధర. ఒక్కసారి నొక్కితే కాయల ఖర్చు 50 రూపాయల ముక్క పట్టీలోంచి పోతుంది. మళ్ళీ నొక్కితే నూనె 80. తర్వాత కారం, ఆవపిండి, ఉప్పు 75. సీసా, లేబుల్ 25. కూలి 40. షాపు కమీషన్ 30. చివరికి 50 రూపాయల పచ్చ ముక్క ఒక్కటే మిగులుతుంది. ఒక్కో ముక్క పోతుంటే ఒక్కో అక్క లేచి ఆ ఖర్చు చెప్పింది. చివరి ముక్క దగ్గర మేం నోరు తెరవకముందే మేనేజరు గారే "యాభై మిగిలింది" అన్నారు.

మీరు చేసుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

• యానిమేషన్స్ అనే చోట ముక్క రావడానికి 'అప్పియర్', పోవడానికి 'డిసప్పియర్' చాలు. 'ఆన్ క్లిక్' పెట్టుకుంటే మీ మాట అయ్యాకే తర్వాతది కదులుతుంది. తిప్పేవి, ఎగిరేవి, చప్పుళ్ళు వద్దు.

• కదిలించే ముందు "ఇది కదిలితే ఏం అర్థమవుతుంది?" అని అడుక్కోండి. జవాబు లేకపోతే కదలకుండా వదిలేయండి.

• పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే ఏదీ కదలదు. ఒకదాని మీద ఒకటి పెట్టినవి కలిసిపోయి కనబడతాయి. పంపడానికి విడిగా కదలని కాపీ చేసుకోండి.

• వేరే కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు మారిపోవచ్చు. అరగంట ముందే వెళ్ళి ఒకసారి వేసి చూడండి. కరెంటు పోతే చూపించడానికి లెక్క కాగితం చేతిలో ఉంచుకోండి.

లోన్ వచ్చింది. లెక్క సరిగ్గా ఉంది కాబట్టే వచ్చింది. ఆ లెక్క ఆయన మనసులో నిలిచేట్టు చేసింది మాత్రం ఆ పట్టీయే. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. ఆ స్లైడు కోసం నాలుగు రోజులు కూర్చుని ఖర్చులు విడదీసుకున్నాం. ఇప్పుడు మా పదిమందిలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా సీసాకి ఎంత మిగులుతుందో చెప్తారు. సంతకం నేర్చుకుని సంఘంలో చేరిన అక్క కూడా చెప్తుంది.

ముందు లెక్క మన నోటికి రావాలి అక్కా, ఆ తర్వాతే బొమ్మ. సెలవు.