వెనక వరుస ఎందుకు మసకబారింది?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత డిసెంబరు 17న, పెన్షనర్ల దినోత్సవం నాడు, మన పాములపాడులో తీసిన గ్రూపు ఫోటో మీరందరూ చూశారు. కుర్చీల్లో కూర్చున్నవారు చక్కగా పడ్డారు. వెనక నిలబడినవారంతా మసక. వారిలో ఒకరు సంక్రాంతి దాటకుండానే మనలను విడిచిపోయారు. వారి ఇంటివారు వచ్చి ఆ ఫోటో అడిగితే ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. తీసింది మా మనవడు. నలుగురిలో వాడిని తిట్టాను. విచారిస్తే తప్పు వాడిది కాదని తేలింది. ఆ సంగతి చెప్పుకోవాలనే లేచాను.

మనలో చాలామందికి శుక్లాల ఆపరేషన్ అయింది. పరీక్షకు ముందు చుక్కలు వేస్తే కంటిపాప విచ్చుకుని వెలుతురు భరించలేం. లెన్సులోనూ అటువంటి పాప ఉంది. పలుచని రేకులు జరిగి నడుమ రంధ్రాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. అదే అపెర్చరు. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 2.8 అంకె దగ్గర రంధ్రం సుమారు 18 మి.మీ., 8 దగ్గర సుమారు 6 మి.మీ. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, మన జమాఖర్చులకు తలకిందులు లెక్క! వెలుతురు ఎనిమిదో వంతే వస్తుంది గాని, ముందు వరుసతోపాటు వెనక వరుసా తేటగా పడుతుంది.

పూర్వం లెన్సు మీది రింగును చేత్తో తిప్పేవారు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి కెమెరాలలో క్లిక్కుమనే క్షణాన ఒక చిన్న మీట రేకులను ముడిచేది. 1987లో కానన్ వారు ఈఓఎస్ కెమెరాతో ఆ మీటనే తీసేశారు. లెన్సులోనే చిన్న మోటారు పెట్టి, కరెంటు ద్వారా ఆజ్ఞ పంపారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే కెమెరా ఆఫీసరు, మోటారు అటెండరు. నడుమ తాఖీదు మోసేది రిబ్బను వంటి తీగ.

మా జూమ్ లెన్సులో ఆ తీగ మడతపడి మడతపడి తెగింది. మనవడు ముందు 8 పెట్టాడట. రేకులు కదలక కెమెరా 'ఎర్రర్' చూపి ఆగిపోయింది. పెద్దలు ఎండలో నిలబడ్డారు కదా అని 2.8కి మార్చాడు. ఆ లెన్సుకు అదే పూర్తిగా తెరిచిన స్థితి. రేకులు కదిలే పనే లేదు కనుక ఫోటో పడింది. పడిందనుకున్నాం.

మీ ఇళ్ళలో ఇటువంటి కెమెరా ఉంటే, 8 పెట్టి, ప్రివ్యూ బొత్తం ఉంటే నొక్కి, ముందునుంచి లెన్సులోకి చూడండి. రేకులు ముడుచుకోవాలి.

ఆ ఇంటివారికి మసక ఫోటోనే ఇచ్చాను. పటం కట్టించుకున్నారు. మనవడు అదిగో, కెమెరాతో నిలబడ్డాడు. తీగ మార్పించాం, ఈసారి 8 దగ్గరే తీస్తాడు. వెలుతురు తక్కువ గనుక షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. వెనక వరుసవారు దయచేసి కదలకండి.