పొలముపై ఏకమొత్తముగా పుచ్చుకొను సొమ్ము – ఆదాయపు పన్ను



బ్రతుకంతయు బాలురకు శబ్దమంజరియు అమరకోశమును చెప్పుకొనినవారము పన్నుల మాట యెత్తుట చూచి కొందఱు నవ్వవచ్చును. కాని యీ ప్రసంగమునకు మూలము మా చేతివ్రాతయే. మా గ్రామమున మనవారిలో భర్త గతించిన యొక యిల్లాలు తన మూడెకరముల మాగాణిని రొయ్యల చెఱువు త్రవ్వుకొనుటకై అయిదేండ్ల గడువునకు కౌలున కిచ్చెను. కౌలుకాగితమును వ్రాసినది మేమే. అయిదేండ్ల సొమ్మును కౌలుదారుడు బ్యాంకుద్వారా ఒక్కమాఱే చెల్లించెను. ఆమె దానితో కూతురి వివాహము చేసెను. "పొలముమీది సొమ్మునకు పన్నెక్కడిదమ్మా?" అని ధైర్యము చెప్పినవారమును మేమే. రెండేండ్లకు పిమ్మట తాఖీదు వచ్చినది. పన్నును, దానిపై వడ్డీయు కట్టుటకు ఆమె గాజులు కుదువబెట్టవలసి వచ్చినది. ఆ దినము మొదలు మేమీ శాస్త్రమును చదువుచున్నాము.

మా పొరపాటెక్కడ? పొలముమీది రాబడికి పన్ను లేదను మాట సగమే నిజము. 1886వ సంవత్సరపు చట్టము మొదలు వ్యవసాయాదాయము ఆదాయపు పన్నునుండి తొలగింపబడియున్నది. రాజ్యాంగమును దానిపై పన్ను వేయు నధికారమును కేంద్రమునకు గాక రాష్ట్రములకే యిచ్చినది. 1961వ సంవత్సరపు చట్టమునందు వ్యవసాయాదాయమునకు చెప్పిన లక్షణమే, ఆ చట్టమునకు బదులుగా 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 2025వ సంవత్సరపు చట్టమునందును నిలిచియున్నది. ఆ లక్షణము ప్రకారము భూమి భారతదేశమున నుండవలెను. అది వ్యవసాయమునకే వినియోగింపబడుచుండవలెను. సొమ్ము ఆ భూమినుండి పుట్టిన కౌలో ఫలమో కావలెను. యజమానుడు స్వయముగా నాగలి పట్టవలెనను నియమము లేదు. వరి వేయుటకు కౌలునకిచ్చి, మూడేండ్ల కౌలును ముందుగా పుచ్చుకొనినను అది వ్యవసాయాదాయమే. రొయ్యలు పెంచుట మాత్రము, అది పొలముననే జరిగినను, ఈ చట్టమునకు వ్యవసాయము కాదు. సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించు పలకలు పాతినను, ఇటుకబట్టీ పెట్టినను అంతే. పట్టాలో మాగాణి యని యుండుట చాలదు. ఆ యేట ఆ నేలపై ఏమి జరిగినదన్నదే ప్రశ్న.

ఆమె విషయమున రెండవ దెబ్బయు గలదు. కౌలును ఏటేట పుచ్చుకొనియున్నచో ఆమె రాబడి పన్ను పడని హద్దులోపలనే యుండెడిది. అయిదేండ్లది ఒక్క యేట చేతికి వచ్చుటచే, రొక్కపు లెక్కప్రకారము అంతయు ఆ యేటి ఆదాయమే యైనది. ఈ చిన్న సంగతి మాకు తెలిసియున్నచో ఒక్క వాక్యము వేఱుగా వ్రాసియుందుము.

ఇక మఱియొక తెగ సొమ్ము గలదు. దానిని ఉత్తరదేశమున సలామీ యందురు, చట్టభాషలో ప్రీమియము. 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము 105వ సెక్షనులో కౌలును ప్రీమియమును వేఱుపఱచినది. అనుభవమునకు కాలక్రమమున చెల్లించునది కౌలు. ఆ యనుభవించు హక్కును సంపాదించుటకు ఇచ్చు వెల ప్రీమియము. మొదటిది ఫలము, రెండవది మూలము. బొగ్గుగనుల కౌలును గుఱించిన రామగఢ రాజావారి వ్యాజ్యములో 1943లో ప్రీవీకౌన్సిలువారు సలామీ ఆదాయము కాదనిరి. అస్సాము భూముల వ్యాజ్యములో 1957లో సుప్రీముకోర్టువారు సలామీ కౌలు కాదు గనుక వ్యవసాయాదాయము కాదనియు, వ్యవసాయాదాయపు పన్ను దానిపై వేయరాదనియు ననిరి. మాకు మిక్కిలి నచ్చిన తీర్పు 1965 నాటి పన్‌బరీ తేయాకుతోటది. పదేండ్ల కౌలులో 2,25,000 రూపాయల ప్రీమియమును వాయిదాలపై చెల్లించు షరతుండగా, వాయిదాలైనంతమాత్రమున అది కౌలు కాజాలదని న్యాయమూర్తులు తేల్చిరి. దీనినిబట్టి ఒక్కమాఱిచ్చినదెల్ల ప్రీమియము కాదు; పలుమాఱులిచ్చినదెల్ల కౌలును కాదు. పేరు పెట్టినంతమాత్రమున వస్తువు మాఱదు. ఏటికౌలును నామమాత్రము చేసి, తక్కినదంతయు ప్రీమియమని వ్రాయించు తెలివిగల లేఖకులను మేమెఱుగుదుము. అధికారులును వారి నెఱుగుదురు.

నిజమైన ప్రీమియము ఆదాయము కాకున్నను, మూలధనలాభపు ప్రశ్న మిగిలియుండును. గ్రామీణ వ్యవసాయభూమి యైనచో ఆ చట్టమునకు మూలధన ఆస్తియే కాదు. పురపాలక సంఘపు ఎల్లకు, జనసంఖ్యనుబట్టి 2, 6, 8 కిలోమీటర్లలోపల నున్నచో అగును. దూరమును పక్షి యెగురు త్రోవనే కొలుతురు, బండిత్రోవను గాదు.

మన పెద్దల నాటి భోగ్యమును మఱువరాదు. సొమ్మిచ్చినవాడు పొలము ననుభవించును, సొమ్ము తిరిగి యిచ్చిననాడు పొలము విడిచిపెట్టును. ఫలము ననుభవించు ఇట్టి తాకట్టు గడువు దాటినను యజమానునికి నశింపదని యాజ్ఞవల్క్యస్మృతి యెన్నడో చెప్పినది. ఆ సొమ్ము అప్పు, ఆదాయము కాదు. అయితే 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని అప్పును రొక్కముగా పుచ్చుకొనుటను చట్టము నిషేధించినది. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని వ్యవసాయాదాయమే యుండి, పన్ను పడు నితరాదాయ మిరువురికిని లేనియెడల మాత్రము మినహాయింపు గలదు. చెక్కు పుచ్చుకొనుటలో నామోషీ లేదు.

పింఛను పుచ్చుకొను మావంటివారికొక మాట. పన్నులేని వ్యవసాయాదాయముగూడ 5,000 రూపాయలు మించి, ఇతరాదాయము మినహాయింపు హద్దును దాటినచో, పన్నురేటును నిర్ణయించుటకు అది లెక్కలో చేరును. ఈ పద్ధతి 1973వ సంవత్సరపు ఫైనాన్సు చట్టముతో వచ్చినది. కావున కొన్నియేండ్ల వరికౌలు నొక్కమాఱు పుచ్చుకొనినచో దానిపై పన్ను లేకున్నను, పింఛనుపై పన్ను పెరుగవచ్చును.

కాగితమున వ్రాయవలసినవి కొన్ని గలవు: పొలమును దేనికి వినియోగింతురో స్పష్టముగా నుండవలెను, ఏ సొమ్ము కౌలు, ఏది హక్కునకు వెల, ఏది తిరిగి యీయవలసిన బయానా యనునది వేర్వేఱుగా నుండవలెను, ఏయే యేటికి ఎంతయో యుండవలెను. వ్రాసినదియే జరుగవలెను కూడ. ఏడాదికి మించిన కౌలునకు రిజిస్ట్రీ యవసరము. ఆ ఖర్చునకు వెనుదీయువారే తరువాత ప్లీడరు ఫీజు లిత్తురు.

ఆ యిల్లాలి గాజులు గత సంక్రాంతికి విడిపింపబడినవి. వడ్డీలో సగము మేమిచ్చితిమి. ఆమె మొదట పుచ్చుకొన నిరాకరించినది. సంతకము కాని కౌలుకాగితము మీలో ఎవరియొద్దనైన నున్నయెడల, రేపు ఉదయము భోజనశాల ప్రక్కగదికి తెండు. కన్నులద్దములతో మేమచ్చట కూర్చుండి యుందుము.